ఫ్యాను ఆగిన చప్పుడు

లిడియా గుమ్మం బయట చెప్పులు విడిచేసరికి పదకొండూ పది. ఇర్ఫానాను అరెస్టు చెయ్యడానికి ఎస్సై రఘు ఒంటిగంటకు మహిళా కానిస్టేబుల్‌ని తీసుకుని వస్తానన్నాడు. ఆ లోపల ఒక్క సంగతి తేలాలి. నలభై రోజుల కిందట, చీకటి పడే వేళ, ముబీన్ చెయ్యి కరెంటు తీగను తాకినప్పుడు ఈ ఇంటి మెయిన్ స్విచ్ ఆపి ఉందా, వేసి ఉందా?

ఆపి ఉంటే ఇర్ఫానా భర్తను పోగొట్టుకున్న ఆడది. వేసి ఉంటే భర్తను చంపుకున్న ఆడది. ఆ రెంటికీ మధ్య ఉన్నది వేలెడంత నల్ల మీట.

లిడియా విద్యుత్ తనిఖీ శాఖలో సహాయ ఇన్‌స్పెక్టరు. కరెంటు కొట్టి మనిషి పోయిన ఇంటికి వెళ్ళి, ఎందుకు పోయాడో రాయడం ఆమె ఉద్యోగం. తిరువూరు రావడానికి నలభై రోజులు పట్టిందంటే అది ఆమె నిర్లక్ష్యం కాదు. ఇలాంటి ఇళ్ళు ఆమె జాబితాలో ఇంకా ఇరవై ఉన్నాయి.

ఫైల్లో మూడే కాగితాలు. మొదటిది ముబీన్ అన్న షానవాజ్ ఇచ్చిన ఫిర్యాదు. బాత్‌రూంలో బల్బు హోల్డరు మారుస్తుండగా మరదలు మెయిన్ వేసిందని. రెండోది ఇర్ఫానా వాంగ్మూలం. అదీ షానవాజ్ చేతిరాతే. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటించే ఆడమనిషి పరాయి మగవాళ్ళ ఎదుటికి రాదు కాబట్టి, ఎస్సై బయట కుర్చీలో కూర్చున్నాడు, షానవాజ్ లోపలికీ బయటికీ తిరిగాడు, చివర ఆమె సంతకం పెట్టింది. మూడోది కరెంటాఫీసు కాగితం. వైరింగులో లోపం కనబడలేదు, వెళ్ళేసరికి మెయిన్ వేసి ఉంది.

అంటే ఈ నలభై రోజుల్లో ఇర్ఫానాకు ఎదురుగా కూర్చుని మాట్లాడిన అధికారి ఒక్కరూ లేరు. మగవాళ్ళు మర్యాద పాటించారు. లిడియా దాన్ని తప్పుపట్టలేదు. కానీ ఆ మర్యాదలో అడగవలసిన ప్రశ్నలు అలాగే మిగిలిపోయాయి.

తలుపు తీసింది ముబీన్ తల్లి నూర్‌బీ. కార్డు చూపించబోతే అక్కర్లేదన్నట్టు తల ఊపి పక్కకు జరిగింది. ముందు గదిలో ముబీన్ కుట్టుమిషను ఉంది. సూది కింద సగం కుట్టిన చొక్కా చెయ్యి అలాగే ఉంది. ముబీన్‌ను చివరిసారి పడుకోబెట్టిన చోట, గోడకు ఎర్రటి జీరో బల్బు వెలుగుతోంది. నలభై రోజులూ దాన్ని ఆర్పకూడదని, ఇవాళ సాయంత్రం మగ్రిబ్ నమాజు తర్వాత ఫాతెహా చదివించి ఆర్పుతామని నూర్‌బీ చెప్పింది.

లోపలి గదిలో ఇర్ఫానా ఫోను చెవికి ఆనించుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. అడుగుల చప్పుడుకి ఉలిక్కిపడి ఫోను దిండు కింద పెట్టేసింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. తెల్ల చీర కట్టుకుంది. చేతులకు గాజుల్లేవు.

లిడియా కుర్చీ వద్దని చాప మీదే కూర్చుంది.

"మెయిన్ ఎవరు ఆపారమ్మా?"

"నేనే. ఆపాననే అనుకుంటున్నా మేడమ్."

"అనుకోవడమేంటి?"

ఇర్ఫానా తన కుడిచేతి చూపుడువేలి వంక చూసుకుంది. "మొదటివారం ఖాయంగా ఆపానన్నా. బావగారు అడిగారు, మావాళ్ళు అడిగారు, వచ్చిన ప్రతివాళ్ళూ అడిగారు. ఇప్పుడు ఈ వేలు కిందికి నొక్కిందో, పైకి నొక్కిందో నాకే తెలీడం లేదు. కళ్ళు మూసుకుంటే ఓసారి కిందికి నొక్కినట్టుంటది, ఓసారి పైకి."

లిడియా దాన్ని రాసుకోలేదు. వేరే వైపు నుంచి వచ్చింది. ముబీన్‌కు కరెంటు పని అలవాటేనా అని అడిగింది. అలవాటేనని, చిన్నచిన్నవి ఆయనే చేసుకునేవాడని, రంజాన్ ముందు ఇదే బాత్‌రూంలో ఇదే హోల్డరు ఒకసారి మార్చాడని ఇర్ఫానా చెప్పింది. అప్పుడూ మెయిన్ ఆపింది తనే. అప్పుడేమీ కాలేదు.

"అప్పటికీ ఇప్పటికీ ఈ ఇంట్లో ఏం మారింది?"

ఇర్ఫానా గదంతా ఓసారి కలియజూసింది. "మేం మారలా. మీటరు మారింది. ఆయన పోవడానికి రెండ్రోజుల ముందు కొత్తది పెట్టి వెళ్ళారు."

లిడియా లేచింది. టైము పదకొండూ ముప్పై అయిదు.

మీటరు మేడమెట్ల కింద ఉంది. ఇర్ఫానా వాళ్ళది కింది వాటా. పైన ఇంటి ఓనరు ఇందిరాదేవి ఒక్కతే ఉంటుంది. ఆవిడ మీటరు పైన వేరే. కింది వాటా మీటరు తెల్లగా కొత్తగా ఉంది. మీద చిన్న ఎర్రదీపం టిక్కుటిక్కుమంటోంది. ఇంట్లో కరెంటు ఎంత వాడితే అది అంత త్వరగా కొట్టుకుంటుంది. సీలు మీద తేదీ చూసింది. ఇర్ఫానా చెప్పింది నిజమే.

మీటరు కింద పాతకాలం చెక్క బోర్డు, దాని మీద ఒకే ఒక్క మీట. అదే మెయిన్. పైకి నెడితే వేసినట్టు, కిందికి నొక్కితే ఆపినట్టు. ఇంట్లోకి వచ్చే తీగలు రెండు. ఒకటి కరెంటు తెచ్చేది, రెండోది తిరిగి తీసుకుపోయేది. ఈ మీట ఆ రెంటిలో ఒక్కదాన్నే తెంచుతుంది. రెంటినీ ఒకేసారి తెంచే మెయిన్ పెట్టి ఉండవచ్చు. షాకు తగిలిన క్షణంలో తనంతట తానే పడిపోయే స్విచ్ కూడా బజార్లో దొరుకుతుంది. అద్దె ఇళ్ళలో అవి ఉండవు. అద్దెకున్నవాళ్ళు ఇల్లు మాది కాదుగదా అనుకుంటారు. ఓనర్లు ఉండేది మేం కాదుగదా అనుకుంటారు.

టార్చి వేసి మీట మీదికి వంగింది. మీట అంచు కింద, గోరు పట్టే సందులో, తెల్లగా ఏదో గట్టిపడి ఉంది. గోటితో గీరితే పొడిలా రాలింది. సున్నం కాదు. వాసన చూసింది. పులిసి ఎండిన పిండి.

బాత్‌రూంలోకి వెళ్ళింది. హోల్డరు పోలీసులు తీసుకెళ్ళారు. రెండు తీగలు టేపు చుట్టి వేలాడుతున్నాయి. రబ్బరు చెప్పులు వేసుకుని, గోడ మీది స్విచ్ ఆపి, టేపు విప్పి టెస్టర్ పెట్టింది. స్విచ్ ఆపాక అక్కడ కరెంటు ఉండకూడదు.

టెస్టర్ వెలిగింది.

 నలభై రోజుల నుంచి ఈ ఇద్దరాడవాళ్ళూ ఈ బాత్‌రూంలోనే తడి కాళ్ళతో తిరుగుతున్నారు. అయినా ఎవరికీ ఏమీ చెప్పకుండా టేపు చుట్టేసి, తలుపు వేసి, ఆ వేళ పిండి పని ఏమైనా చేశావా అని మాత్రం ఇర్ఫానాను అడిగి, లేదంటే మేడ మీదికి వెళ్ళింది. ఈ పిండి సంగతి ముందు తేలాలి.

ఇందిరాదేవికి అరవై దాటాయి. బజార్లో స్టీలు సామాన్ల కొట్టు వాళ్ళది. కుర్చీ వేసి, మజ్జిగ తెచ్చి, ముబీన్ ఎంత మంచివాడో చెప్పడం మొదలుపెట్టింది. బ్లౌజులు ఒక్కరోజు ఆలస్యం చేసేవాడు కాదట. లిడియా మజ్జిగ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఆ సాయంత్రం ఆరున్నరప్పుడు మీరేం చేస్తున్నారు?"

"నేనా? వంటింట్లో ఉన్నా."

"వంటింట్లో ఏం చేస్తున్నారు?"

"ఏదో పని. గుర్తులేదమ్మా."

"దోసెల పిండి రుబ్బుతున్నారా?"

ఇందిరాదేవి చేతులు ఒళ్ళోకి వెళ్ళిపోయాయి.

"కింద మెయిన్ మీట సందులో మీ పిండి ఉంది. ఎండి రాయిలా అయింది. ఇర్ఫానా ఆ వేళ పిండి ముట్టలేదు. చెయ్యి కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చింది మీరే."

ఆవిడ కళ్ళు నిండాయి. లిడియా ఊరుకుంది. ఎదుటి మనిషి నోరు తెరవబోతున్నప్పుడు ఇంకో ప్రశ్న వెయ్యకూడదని ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్చుకుంది.

"చీకటమ్మా," అంది ఆవిడ చివరికి. "కిందంతా చీకటి. పిల్ల అరుస్తోంది. బాత్‌రూంలో ఏం కనబడలా. నా కాళ్ళకీ చేతులకీ తెలివి లేదు. మెయిన్ కిందికుంది, పైకి నెట్టాను. లైట్లొచ్చినయ్. చూస్తే ఆ అబ్బాయి చేతిలో ఇంకా తీగ ఉంది." ఆవిడ ఒళ్ళోని చేతుల వంక చూసుకుంది. "అప్పటికి ప్రాణముందేమో. నేను కరెంటేసి తీసేశానేమో. ఎవరికి చెప్పను? పాపం ఆ పిల్ల మీద పడుతుంటే నోరు మూసుకుని చూస్తూ కూర్చున్నా."

ఆవిడకు చెప్పవలసిన మాట లిడియా దగ్గర ఉంది. కానీ రుజువు చేసి చెప్పాలి. కిందికి రమ్మని చెయ్యి పట్టుకుని లేవదీసింది.

మెట్లు దిగుతుంటే జీపు ఆగింది. టైము పన్నెండూ ఇరవై. ఎస్సై రఘు నలభై నిమిషాలు ముందే వచ్చాడు.

"ఏంటి మేడమ్, రిపోర్టు రాసేశారా?"

"ఒంటిగంట అన్నారు."

"నలభై రోజులు ఆగానండీ. ఇంట్లో ఆచారం అని ఆగా. మీ ఆఫీసు వాళ్ళు రావాలని ఆగా. ఇంకో ముప్పావుగంట కోసం నా మీద పడతారేంటి?"

ఇందిరాదేవి చెప్పింది విని అతను తల అడ్డంగా ఊపాడు. ఆవిడ మనసు మంచిదని, దిగువ వాటా పిల్ల మీద జాలితో ఇప్పుడు గుర్తుచేసుకుంటోందని అన్నాడు. నిజంగా మెయిన్ ఆవిడే వేసిందనుకున్నా, అంతకుముందు ఇర్ఫానా ఒకసారి వేసి, భర్త పడిపోయాక భయపడి ఆపలేదని ఎవరు చూశారన్నాడు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. అదే లిడియాకు కోపం తెప్పించింది.

"మెయిన్ ఆపి ఉంటే మనిషి ఎందుకు చస్తాడు మేడమ్? మీరు చదువుకున్నవాళ్ళు, మీరే చెప్పండి."

"చెప్తా. అయిదు నిమిషాలు బయట కూర్చోండి. ఈసారి మధ్యలో ఎవరూ తిరగరు. నేనే వెళ్తా."

లోపలికి వెళ్ళి ఇర్ఫానా పక్కన కూర్చుంది. నూర్‌బీ గుమ్మాన్ని పట్టుకుని నిలబడింది.

"నేనొచ్చేసరికి ఏదో వింటున్నావ్. ఏంటమ్మా అది?"

ఇర్ఫానా దిండు మీద చెయ్యి వేసింది. ఇవ్వదని అనిపించింది లిడియాకు. దిండు మీంచి చెయ్యి తియ్యకుండానే చెప్పింది. ఆ సాయంత్రం పెనుగొలనులో ఉన్న అక్క నాహిద్‌కు వాయిస్ మెసేజ్ పెడుతోందట. మధ్యలో ఆయన పిలిచాడట. ఫోను ఫ్రిజ్ మీద పెట్టి వెళ్ళిందట, రికార్డింగు ఆగలేదట. నిమిషం మీద ముప్పై ఎనిమిది సెకన్లు.

"అందులో ఆయన గొంతు ఉంది. చివరిది. పోలీసులకిస్తే ఫోను తీసుకుపోతారు, స్టేషన్లో అందరూ వింటారు. అందుకే చెప్పలా. రోజుకెన్నిసార్లు వింటానో లెక్కలేదు మేడమ్. ఆయన మాట తప్ప నాకింకేం వినబడదు."

"నన్ను ఒక్కసారి విననిస్తావా? ఆయన మాట నీది. నేను మిగతాది వింటా."

ఇర్ఫానా ఫోను తీసింది. మెసేజ్ వెళ్ళిన టైము ఆరూ నలభై మూడు. అంబులెన్సుకు ఫోను వెళ్ళింది ఆరూ నలభై ఆరుకు.

మొదట ఇర్ఫానా గొంతు. అక్కా, ఆదివారం వచ్చేటప్పుడు చింతచిగురు తీసుకురా. వెనక ఫ్యాను గరగరమంటోంది, పాత ఫ్యాను. దూరంగా మగగొంతు పిలిచింది. ఫోను దేని మీదో పెట్టిన చప్పుడు. అడుగులు. ఆ తర్వాత ఫ్యాను గరగర సన్నగిల్లి, సన్నగిల్లి, ఒక్కో రెక్కా వేరువేరుగా వినబడేంత నెమ్మదించి, ఆగిపోయింది. అంత నిశ్శబ్దంలో ఇర్ఫానా గొంతు వచ్చింది. "ఆపానండీ." బాత్‌రూంలోంచి అతను అన్నాడు. "సరే. నువ్వు మాట్లాడుకో." మళ్ళీ అడుగులు, ఫోను తీసిన చప్పుడు, ఆ అక్కా, చింతచిగురు లేతది చూడు. అయిపోయింది. చివరి మాటదాకా ఫ్యాను మళ్ళీ తిరగలేదు.

గుమ్మంలో నూర్‌బీ కిందికి జారి కూర్చుంది. కొడుకు గొంతు ఆమె వినడం నలభై రోజుల్లో ఇదే మొదటిసారి. కొంగు నోట్లో కుక్కుకుంది. ఇర్ఫానా వెళ్ళి అత్తగారి పక్కన కూర్చుంటే, ముసలామె కోడలి చెయ్యి తీసుకుని ఆ చూపుడువేలిని గుప్పిట్లో పట్టుకుంది.

"మెయిన్ వేసి ఉంటే ఫ్యాను తిరగాలి," అంది లిడియా. "తిరగలేదు. నీ వేలు కిందికే నొక్కింది."

 అత్తగారి గుప్పిట్లోని వేలి వంక చూస్తూ ఇర్ఫానా అడిగింది. "మరి ఆయనెందుకు పోయారు?"

"అది నీ చేత్తోనే చూపిద్దామనుకుంటున్నా. మెయిన్ మళ్ళీ ఓసారి ఆపాలి. ఆ బల్బు ఆరిపోతుంది."

నూర్‌బీ తలెత్తింది. మగ్రిబ్ దాకా ఆరకూడదు గదా అంది. ఇర్ఫానా ఎర్రబల్బు వంక చూసింది, అత్తగారి వంక చూసింది. "అమ్మీ, ఆయనెలా పోయారో నాకు తెలియాలి," అంది. ముసలామె గుప్పిట వదిలింది.

మెట్ల కిందికి వెళ్ళే ముందు ఇర్ఫానా ముసుగు సరిచేసుకుంది. లిడియా పిలిస్తే లోపలికొచ్చిన ఎస్సై తనంతట తానే వెనక్కి జరిగి బాత్‌రూం దగ్గర, లిడియా పక్కన నిలబడ్డాడు. మీట పడిన చప్పుడైంది. జీరో బల్బు ఆరింది. ఫ్యాను ఆగిపోతోంది. లిడియా కళ్ళు మూసుకుంది. ఆ చప్పుడు ఇందాక విన్నదే.

"ఆపాను మేడమ్," అంది ఇర్ఫానా బయటి నుంచి. గొంతు వణకలేదు.

లిడియా టేపు విప్పి, గోడ మీది స్విచ్ వేసి, టెస్టర్‌ను మొదటి తీగకు పెట్టింది. వెలిగింది. రెండోదానికి పెట్టింది. అదీ వెలిగింది.

ఎస్సై రఘు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మెయిన్ ఆపి ఉంది గదా."

"ఉంది. లైట్లు ఆరతాయి, ఫ్యాను ఆగుతుంది. ఎవరికైనా కరెంటు లేదనే అనిపిస్తుంది. కానీ మీటరు మార్చినప్పుడు తీగలు తారుమారయ్యాయి. వచ్చే తీగ బిగించాల్సిన చోట పోయే తీగ బిగించారు. అప్పట్నుంచి ఈ మెయిన్ తెంచేది పోయే తీగని. వచ్చేది గోడల్లో అలాగే ఉంది. పోయే దారి తెగింది గనక అది ఫ్యానులోంచి రెండో తీగలోకీ వచ్చి నిలిచింది. అతను హోల్డరు విప్పేటప్పుడు దానిలో ప్రాణం ఉంది. టెస్టర్ పెట్టి చూసుకుంటే తెలిసేది. ఆరిన బల్బుని నమ్మాడు."

ఇందిరాదేవి వైపు తిరిగి, ఆవిడ మీట వేసినా వెయ్యకపోయినా ఆ తీగలో కరెంటు ఒక్కలాగే ఉందని చెప్పింది. ఆవిడ మెట్టు మీద కూలబడి, పైట చెంగుతో ముఖం కప్పుకుంది.

ఎస్సై, సాక్షులుగా ఇందిరాదేవి, నూర్‌బీ చూస్తుండగా లిడియా సీలు తెంచి మీటరు కింది మూత విప్పింది. స్తంభం నుంచి వచ్చిన రెండు తీగలూ నల్లవే. ఏది ఏదో చూసి చెప్పడానికి లేదు. టెస్టర్ పెట్టి చూడాల్సిన మనిషి, తొందరలో ఉన్నాడో ఏమో, చేతికందిన వరసలో బిగించేశాడు. లిడియా ఫోటోలు తీసి, టైము రాసింది. పన్నెండూ యాభై రెండు.

"కేసు మీద నేను రాసింది మార్చుకోవాలి," అన్నాడు ఎస్సై.  జీపులో కూర్చున్న కానిస్టేబుల్‌ని దిగొద్దని చేత్తో సైగ చేశాడు.

అప్పుడు ఇందిరాదేవి ముఖం మీది చెంగు తీసింది. "ఆ మనిషి మా ఇల్లొక్కటే చెయ్యలేదమ్మా. అదే రోజు ఈ వీధంతా చేశాడు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనాలకి ముగించేశాడు."

"వీధంతా అంటే?"

ఆవిడ వేళ్ళు మడిచింది. రెండుసార్లు లెక్కపెట్టింది. "పదకొండు ఇళ్ళు."

 మే నెల. ఇంటింటా కూలర్లు దించి, దులిపి, బిగించుకుంటున్నారు. వీధి మొత్తానికి కరెంటు ఆపించమని ఎస్సైకి చెబుతూనే తను సబ్‌స్టేషన్ నంబరు వెతకసాగింది. ఎస్సై ఇంకో నంబరు కలుపుతున్నాడు. ఇద్దరి చెవులూ ఫోన్ల దగ్గరే ఉన్నాయి.

ఎదురింట్లోంచి ఆడగొంతు వినబడింది. "ఆపేశానయ్యా, ఇంక విప్పుకో."

ఆ మాట విన్నది ఇర్ఫానా ఒక్కతే. మెట్ల కింద నుంచి బయటికొచ్చి, గేటు దాటి, చెప్పుల్లేని కాళ్ళతో ఎండలో వీధి దాటింది. లిడియా తల తిప్పేసరికి ఆమె ఎదురింటి వరండా ఎక్కుతోంది. అక్కడ రేకు కూలరు మూత ఊడదీసి ఉంది. ఆ ఇంటావిడ రిబ్కా మెయిన్ దగ్గర నిలబడి ఉంది. ఆమె భర్త యేసుబాబు తడి నేల మీద గొంతుక్కూర్చుని, ఒక చేత్తో తీగను లాగి, రెండో చెయ్యి దాని మీదికి తెస్తున్నాడు.

"ముట్టుకోవద్దన్నా. మెయిన్ ఆపినా కరెంటుంది."

యేసుబాబు చెయ్యి గాల్లో ఆగింది. ఎదురింటి ముసుగు మనిషి తన వరండాలో నిలబడి తనతో మాట్లాడుతుంటే అతను ఆమె వంకా, తీగ వంకా చూశాడు. లిడియా పరుగున వచ్చి, వంగి, అతని వేళ్ళకు బెత్తెడు దూరంలో ఉన్న తీగకు టెస్టర్ ఆనించింది.

వెలిగింది.

రిబ్కా నోటిమీద చెయ్యి పెట్టుకుంది. వెనక ఎస్సై ఫోనులో గొంతు పెంచాడు. లైను ఆపడానికి పది నిమిషాలైనా పడుతుందంటున్నారు. పది నిమిషాల్లో ఎంతమంది ఎన్ని మెయిన్లు ఆపుతారో లిడియా ఆలోచించదలుచుకోలేదు. ఇవి రెండు పోగా ఇంకా తొమ్మిది ఇళ్ళు. ఏయే ఇళ్ళో అడుగుదామని ఇర్ఫానా వైపు తిరిగింది.

ఇర్ఫానా అక్కడ లేదు. పక్కింటి తలుపు రెండు చేతులతో బాదుతూ, తియ్యండి, తియ్యండి అంటోంది.